గులాబీ రంగు వచ్చేదాకా

అక్టోబరు చివరి శనివారం.
లునెన్‌బర్గ్ రేవులో పడవలన్నీ ఒడ్డెక్కి
ఇనుప ఊతకర్రల మీద నిలబడ్డాయి.
మా కిట్టీవేక్ ఇరవై ఆరడుగులది,
నీళ్లలో ఎంత పొంకమో
గట్టు మీద అంత బిక్కమొహం.

నిచ్చెన కింద మడతకుర్చీలో లాక్లన్,
మోకాళ్ల మీద దుప్పటి, ఒళ్లో టీ ఫ్లాస్కు.
ఇరవై రెండేళ్లు ఈ పని అతనిదే.
ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి గానీ
గొంతు మొరాయించలేదు:
"వెర్నా! ముందు ట్యాంకు ఖాళీ చెయ్!"

ముందు ట్యాంకని నాకూ తెలుసు.
తెలియంది, ఆ తర్వాత
ఏ గొట్టం ఎటు దూరి ఎక్కడ తేలుతుందో.

ముక్కు వైపు పరుపు ఎత్తి, చెక్కమూత తీసి
టార్చి వేశాను. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు.
ఆగస్టులో టాంకూక్ దీవిలో
ఒక ముసలామె పెరటి బావి దగ్గర పట్టుకున్నవి.
కాలితో పంపు తొక్కుతుంటే
కుళాయి దగ్గింది, తుమ్మింది, ధార కట్టింది.
పారబోసే ముందు ఒక కప్పు పట్టి తాగాను.
ప్లాస్టిక్ వాసన. దాని వెనకాల, నమ్మితే నమ్మండి,
ఎండ.

"ట్యాంకు ఖాళీ చేశావా?"
"చేశాను."

చలికి అన్నీ ముడుచుకుంటాయి:
మనుషులు, తాళ్లు, తలుపుల బందులు, పొద్దు.
నీరొక్కటే పెడసరం,
గడ్డకట్టేటప్పుడు ఒళ్లు విరుచుకుంటుంది.
నిరుడు ఒక వంపులో గుక్కెడు మిగిలింది.
గుక్కెడే.
ఏప్రిల్లో తెరిచి చూస్తే పంపు
పండిన దోసకాయలా నిలువునా పగిలి ఉంది.
పంపు నాసిరకం అన్నాడు లాక్లన్.
ఆ వంపు సంగతి
ఇరవై ఒక్క చలికాలాలు అతను మరవలేదు.

గొట్టాన్ని ట్యాంకు నుంచి ఊడదీసి
గులాబీ మందు డబ్బాలో ముంచాను,
కార్లలో పోసే ఆకుపచ్చది కాదు,
తాగునీటి గొట్టాల కోసం అమ్మేది.
తొక్కుతున్నాను. కుళాయిలో గాలి, బుడగలు, గాలి.

కిందినుంచి మళ్లీ:
"వేడినీళ్ల ట్యాంకుని పక్కకు తప్పించావా?
లేకపోతే మందంతా అదే తాగేస్తుంది!"

కాలు పంపు మీదే ఆగిపోయింది.
ఈ పడవలో వేడినీళ్ల ట్యాంకు లేదు.
అది మార్జరీలో ఉండేది. దాన్ని అమ్మేసి
ఇరవై మూడేళ్లు.

కిటికీలోంచి చూశాను.
అతని టోపీ, టోపీ కింద తెల్ల చెవులు,
పక్క పడవ మాస్టుకు తాడు టకటకా కొట్టుకోవడం.
సమాధానం కోసం తలెత్తి ఉన్నాడు.

"తప్పించాను," అన్నాను.

"మంచిది," అన్నాడు. "చాలామంది మర్చిపోతారు."

మళ్లీ తొక్కాను. మొదట తెలుపు,
తర్వాత నీళ్లపాల గులాబీ,
తర్వాత పెళ్లికేకు మీద పూవంత గులాబీ.
ఒక కప్పు పట్టి కిటికీలోంచి చూపించాను.
చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండలో చూసి
"ఇంకొంచెం," అన్నాడు.
అతనన్నది నిజమే.
ఇంకొంచెం తొక్కాకే అసలు రంగు వచ్చింది.

సింకు గొంతులోనూ ఒక కప్పు పోశాను.
కుళాయిలు తెరిచే వదిలేశాను,
ఏమైనా మిగిలితే ఒళ్లు విరుచుకోడానికి చోటుండాలి.
ఆ తర్వాత, ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాను:
కాగితపు టేపు ముక్కలు చింపి
ప్రతి గొట్టానికీ పెన్సిల్‌తో పేరు రాసి అంటించాను.
ఇది ట్యాంకు నుంచి. ఇది సింకుకి.
ఆ వంపు దగ్గర మోకాళ్ల మీద వంగి
ఏం రాయాలో తోచక
"ఇక్కడ చూడు" అని రాశాను.
ఎవరికి రాశానో తెలియదు.
నా చేతిరాత అతను చదవలేడని ఎప్పుడూ వెక్కిరిస్తాడు,
అందుకని పెద్ద అక్షరాలతో రాశాను.

నిచ్చెన దిగేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి.
లాక్లన్ దుప్పటి సగం నా వైపు జరిపాడు.
"వెర్నా, ట్యాంకు ఖాళీ చేశావు కదా?"

"చేశాను.
టీ ఏమైనా మిగిల్చావా?"